ఫామ్ టూల్స్ చేయించుకునేవాళ్లకి: రేటు పెరిగింది, పద్ధతి కూడా కొంచెం మారింది

రేటు సంగతి ముందే చెప్పేస్తా, చివర్లో చెబితే దాచిపెట్టినట్టు ఉంటుంది. ఈ నెల నుంచి లేత్ ఫామ్ టూల్స్ (పీసుకి కావాల్సిన షేపే అంచుకి ఇచ్చిన కోత టూల్స్) అన్నిటికీ రేటు పెంచుతున్నాం. వీటికి వాడే హై స్పీడ్ స్టీల్‌లో, అంటే ఎం2 గ్రేడ్ హెచ్‌ఎస్‌ఎస్‌లో సుమారు 6 శాతం టంగ్‌స్టన్ ఉంటుంది, ఎం35లో దానికి తోడు 5 శాతం దాకా కోబాల్ట్ కూడా. 2025 ఫిబ్రవరిలో చైనా టంగ్‌స్టన్ ఎగుమతులపై ఆంక్షలు పెట్టింది, అదే నెలలో కాంగో కోబాల్ట్ ఎగుమతులు ఆపేసింది. ఆ దెబ్బ తిరిగి తిరిగి బెంగళూరు పీణ్యాలో బ్లాంకులు (ఇంకా షేపు ఇవ్వని స్టీల్ ముక్కలు) కొనుక్కునే మా దాకా వచ్చింది. పాత కొటేషన్ చేతిలో ఉన్నవాళ్లకి పాత రేటే, అందులో పేచీ లేదు.

ఇక పద్ధతి. హిందూపురం, అనంతపురం వైపు నుంచి బ్రాస్ హ్యాండిళ్ల పని చేసేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే, "అన్నా, మొత్తం షేపు ఒక్క టూల్‌తో ఒక్క దెబ్బకి వచ్చేయాలి" అని. రావచ్చు, కానీ పీసులో అన్నిటికన్నా సన్నగా ఉండే చోటు ఎంత డయా ఉందో దానికి రెండున్నర రెట్లకి మించి టూల్ వెడల్పు ఉంటే కష్టం. మెడ 12 మిల్లీమీటర్లు ఉన్న హ్యాండిల్‌కి 30 దాకా సరే, 42 వెడల్పు టూల్ చిన్న లేత్ మీద దించితే మెషీన్ అరుస్తుంది, పీసు మీద చాటర్ (అదురు) గీతలు పడతాయి, తిట్లు మాత్రం టూల్‌కి. అందుకే ఇకమీదట అలాంటివి రెండు టూల్స్‌గా విడగొట్టి, అతుకు ఏదైనా గాడిలో పడేలా చేసిస్తాం. ఖర్చు కొంచెం ఎక్కువే, స్క్రాప్‌తో పోలిస్తే తక్కువే.

శాంపిల్ పంపేవాళ్లు దయచేసి పాలిష్ కొట్టింది, ప్లేటింగ్ అయింది పంపకండి. బఫింగ్‌లో అంచులు కరిగిపోతాయి, మేం ఆ కరిగిన అంచునే కాపీ కొడతాం, మీరు దాన్ని మళ్లీ బఫ్ చేస్తారు, చివరికి షేపే మిగలదు. డ్రాయింగ్ ఉంటే అన్నిటికన్నా మేలు. బ్రాసా, ఈఎన్8 స్టీలా, ఎస్ఎస్ 304 స్టెయిన్‌లెస్ స్టీలా అన్నది కూడా రాయండి.

ఇంకొకటి, తరచూ వచ్చే ఫోన్ ఇది: "డ్రాయింగ్‌లో లోతు 5 మిల్లీమీటర్లు, మీ టూల్ కొలిస్తే 4.95 వచ్చింది." అది తప్పు కాదండీ. టూల్ ముందు భాగానికి 8 డిగ్రీల క్లియరెన్స్ (పీసుకి రాసుకోకుండా ఇచ్చే వాలు) ఇస్తాం కదా, ఆ వాలు ముఖానికి లంబంగా కొలిస్తే 50 మైక్రాన్లు తక్కువ చూపిస్తుంది. పైముఖం మీద కొలవండి, 5 వస్తుంది. మనం వాలు లెక్క వదిలేసి కొలతకి 5 వచ్చేలా చేస్తే పీసు డయాలో 100 మైక్రాన్లు తేడా కొడుతుంది.

అదే కారణంతో, మొద్దుబారాక పైముఖం మాత్రమే, ఉన్న కోణంలోనే గ్రైండ్ చేయండి. ముందు వైపు రాయి తగలనివ్వొద్దు. "కొంచెం బాగా కోస్తుంది కదా" అని పైముఖానికి రేక్ (వాలు) పెట్టేవాళ్లు ఉన్నారు, బ్రాస్‌లో అది టూల్‌ని లోపలికి లాగేస్తుంది, పైగా షేపు కూడా మారిపోతుంది. గ్రైండ్ చేశాక ఎత్తు తగ్గుతుంది, అడుగున షిమ్ పట్టీ వేసి మళ్లీ పీసు సెంటర్ ఎత్తుకి తేవాలి. స్పీడు మామూలు టర్నింగ్‌లో సగానికి దించండి. 304లో చివర టూల్‌ని అక్కడే రుద్దుతూ నిలబెట్టొద్దు, ఆ చోటు గట్టిపడి తర్వాతి కోతలో అంచు విరుగుతుంది.

చేత్తో గ్రైండ్ చేయడం ఇబ్బందైతే మా దగ్గరికి తెచ్చేయండి, రీగ్రైండింగ్‌కి మాత్రం రేటు మార్చలేదు. తెచ్చేటప్పుడు ఆ టూల్‌తో ఆఖరున తీసిన పీసు ఒకటి జేబులో వేసుకు రండి, ఎక్కడ అరిగిందో టూల్ కన్నా అదే త్వరగా చెబుతుంది.