లారీ బరువుతో పాటు పొగనూ లెక్కగట్టండి

తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఎలక్ట్రిక్ వాహనాలకు 2024 నవంబర్ 18 నుంచి ఇస్తున్న పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు గడువు 2026 డిసెంబర్ 31. ఆ మినహాయింపు ఫైలు కదిలినప్పుడే పాత డీజిల్ లారీల సంగతి కూడా తేల్చాలని మా మనవి. కొత్త కారుకిచ్చే రాయితీ వల్ల ఇప్పటికే తిరుగుతున్న లారీ పొగ తగ్గదు కదా!

లారీలకు మూడు నెలలకోసారి పడే పన్ను బరువును బట్టే ఉంటోంది. పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వయసును చూస్తుంది. పొగ ఎంత వదులుతోందన్నది మాత్రం ఎక్కడా లెక్కలోకి రాదు. బండ్ల పొగకు దేశం పెట్టిన పరిమితులైన భారత్ స్టేజ్ (బీఎస్) ప్రమాణాల్లో బీఎస్-3, అంతకంటే పాత లారీలకు త్రైమాసిక పన్ను పెంచి, ఆ మేరకు కొత్త ప్రమాణమైన బీఎస్-6 లారీలకు తగ్గించండి. ఖజానాకు నష్టముండదు. ఏ ఏడు ఎంత పెరుగుతుందో ముందే ప్రకటిస్తే ఓనర్లు కిస్తీలు చూసుకుని సర్దుకుంటారు.

అసలు చిక్కు ఒక్క లారీ మీద బతికే ఓనరుది. పాత బండిని తుక్కుకిచ్చి కొత్త రవాణా వాహనం కొంటే పన్నులో 15 శాతం దాకా రాయితీకి కేంద్ర నిబంధన ఉంది. కానీ ఆయన కొనగలిగేది సెకండ్ హ్యాండ్ బీఎస్-6 బండి. ఆ రాయితీ ఆయనదాకా రాదు. తుక్కు సర్టిఫికెట్ చూపిస్తే సెకండ్ హ్యాండ్ బండి అప్పు మీద వడ్డీలో కొంత భరించండి. గ్రీన్ ట్యాక్స్ సొమ్ము ఇందుకే వేరే ఖాతాలో పెట్టాలి.

బీఎస్-6కు పన్ను తగ్గిస్తే మోసం కూడా మొదలవుతుంది. పొగలోని విషవాయువులు తగ్గించడానికి పోసే యూరియా ద్రావణం ఖర్చు మిగుల్చుకోవడానికి ఎమ్యులేటర్ (ద్రావణం వాడుతున్నట్టు బండి కంప్యూటర్‌ను నమ్మించే పరికరం) పెట్టడం, పూడుకుపోయిన డీపీఎఫ్‌ను (పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌ను) పీకేయడం మెకానిక్‌లకు తెలియని పనులు కావు. పొల్యూషన్ సర్టిఫికెట్ వీటిని పట్టుకోలేదు. డీజిల్ పరీక్షలో యాక్సిలరేటర్ ఒక్కసారిగా చివరిదాకా తొక్కాలి. నెమ్మదిగా తొక్కినా, పొగగొట్టంలో కొలిచే ప్రోబ్ సరిగా దూర్చకపోయినా రీడింగ్ పడిపోతుంది. పైగా పరీక్షించేవాడికి డబ్బిచ్చేది బండివాడే. సరిగ్గా చేసినా ఆ మీటరు నల్ల పొగనే కొలుస్తుంది, సన్న కణాలను లెక్కపెట్టదు. నెదర్లాండ్స్ 2023 జనవరి నుంచి డీపీఎఫ్ ఉన్న డీజిల్ బండ్లకు కణాలను లెక్కించే పరీక్ష పెట్టింది. ముందు ఫిట్‌నెస్ కేంద్రాల్లో ఆ యంత్రాలు పెట్టించండి, పన్ను తగ్గింపు అందులో పాసైన బండికే ఇవ్వండి.

ఎక్కువ పొగ వదిలే బండ్లు నగరంలోకి వస్తే వసూలు చేసే లండన్ తరహా ప్రవేశ రుసుము మాట ఇప్పుడే వద్దు. సరిపడా బస్సులు లేకుండా అది వేస్తే తిట్లే మిగులుతాయి.

రిజిస్ట్రేషన్ రికార్డులో బీఎస్ గడి ఖాళీగా ఉన్న పాత బండ్లకు ఒకే తేదీని కొలతగా పెట్టుకుని ఆ గడి నింపకండి. బీఎస్-4 హైదరాబాద్‌లో 2010లోనే వచ్చింది, దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుంచి. ఆ మధ్య ఏళ్ల లారీలకు చాసిస్ నంబరుతో తయారీదారు దగ్గర సరిచూడాల్సిందే. ఈ పని ఇప్పుడే మొదలుపెట్టొచ్చు, కొత్త జీవో అక్కర్లేదు.

ఇట్లు,
రవాణా, వాయు కాలుష్య రంగాల్లో పనిచేస్తున్న కొందరం