డాక్టర్ దిలీప్ మహలనాబిస్ గురించి

సభ్యులకు నమస్కారం. పిల్లల వైద్యుల ప్రస్తావన వచ్చింది కనుక డాక్టర్ దిలీప్ మహలనాబిస్ గురించి రాస్తున్నాను. 1971లో తూర్పు బెంగాల్ (నేటి బంగ్లాదేశ్) శరణార్థులతో కిక్కిరిసిన, పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ శిబిరంలో కలరా ప్రబలి, ఎక్కించడానికి సెలైన్ నిండుకుంటున్న వేళ, ఆయన లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపించి, డ్రమ్ముల్లో నింపించి, తాగించే పనిని రోగుల బంధువులకే అప్పగించారు. గ్లూకోజు తోడుంటే కలరాలో సైతం పేగు ఉప్పునూ నీటినీ పీల్చుకుంటుందని ప్రయోగాల్లో అప్పటికే తేలింది. అయినా శిక్షణ లేని తల్లుల చేతికి వైద్యాన్ని ఇవ్వడమే, నా దృష్టిలో, ఆయన చేసిన అసలైన సాహసం. అక్కడ సుమారు 30 శాతంగా ఉన్న మరణాలు 3.6 శాతానికి తగ్గాయి. తాను పిల్లల వైద్యుడిగా వృత్తి మొదలుపెట్టిన కోల్‌కతాలోని శిశు ఆరోగ్య సంస్థకే తరువాత కోటి రూపాయలు విరాళమిచ్చారు. పద్మవిభూషణ్ మాత్రం ఆయన మరణానంతరం, 2023లో వచ్చింది.