ఆ పాత క్యాసెట్ల సంగతి

మామా,

ఎలా ఉన్నావ్? నా ఐరిష్ రాక్ గిటారిస్ట్ రోరీ గురించి మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట నన్ను వదలట్లేదు. "రోరీ గ్యాలహర్ ఆల్బమ్స్ అన్నీ శుభ్రంగా దొరుకుతుంటే, కచేరీల్లో జనం చాటుగా తీసిన, దగ్గులూ ఈలలూ నిండిన ఆ దొంగ రికార్డింగులెందుకురా" అన్నావ్. మెట్రోలో ఉన్నా, సరిగ్గా చెప్పలేకపోయా.

మా నాన్న గుర్తున్నారుగా, రేడియోలో ఈమని శంకరశాస్త్రి గారి వీణ కచేరీ వస్తుందంటే ఇంట్లో కుక్కర్ కూడా పెట్టనిచ్చేవారు కాదు, టేప్ రికార్డర్ పక్కనే కూర్చునేవారు. ఒకే కీర్తన నాలుగు కచేరీల్లోది నాలుగు క్యాసెట్లలో దాచుకున్నారు, కీర్తన ఒకటే అయినా ఆలాపన ఏ రోజుకారోజు వేరు కాబట్టి. రోరీ కూడా అంతే. పాటల వరుస రాసిపెట్టుకునేవాడు కాదు, స్టేజీ మీద ఏది తోస్తే అది ఎత్తుకునేవాడు, బేస్ వాయించే జెర్రీ మెకవాయ్ అందుకోవాల్సిందే. 1974 జనవరిలో బెల్‌ఫాస్ట్, డబ్లిన్, కార్క్‌లలో వాయించినవి 2014లో పెద్ద బాక్స్ సెట్‌గా వేస్తే కొన్నా, అది నా ప్రాణం. కానీ అవి కొన్ని రాత్రులే. మనిషేమో 1995లో, 47 ఏళ్లకే పోయాడు. ఎవరో కోటు జేబులో రికార్డర్ దాచుకుని వెళ్లకపోతే మిగతా రాత్రులు ఏమైపోయేవి చెప్పు?

మల్కాజ్‌గిరిలో ఒక పెద్దాయన, డెబ్బైల్లో జర్మనీలో పనిచేసి వచ్చారు, పన్నెండు క్యాసెట్లిచ్చి పైసా తీసుకోలేదు. అందులో ఒకటి 1977 జూలైలో ఎస్సెన్‌లో జరిగిన రాక్‌పాలాస్ట్ (జర్మన్ టీవీ వాళ్ల రాక్ కచేరీ కార్యక్రమం) రాత్రిది, రేడియోలో వస్తుంటే ఆయనే రికార్డ్ చేశారు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత క్యాసెట్ డెక్ కొని, కోఠి గుజరాతీ గల్లీలో బెల్ట్ మార్పించి పెడితే, నా గిటార్ శ్రుతి కంటే అర స్వరం ఎక్కువ పలికింది. మోటార్ వెనక చిన్న రంధ్రంలో స్పీడ్ స్క్రూ ఉంటుంది, అది వెంట్రుకవాసి తిప్పుతూ రెండు గంటలు కూర్చున్నా. తర్వాత టేప్‌ని చదివే హెడ్ పక్క స్క్రూతో హెడ్ వంపు సరిచేశా, అప్పటిదాకా దుప్పటి కప్పినట్టున్న డ్రమ్స్ తాళాలు (సింబల్స్) ఒక్కసారి గలగలమన్నాయి రా, లేచి నిలబడ్డా!

ఆ క్యాసెట్ వల్లే ఒక మోసం కూడా బయటపడింది. 1979 కచేరీ అని ఒకడి దగ్గర డబ్బులిచ్చి కొన్న సీడీ ఉంది కదా, అది ఇదే ఎస్సెన్ కచేరీ. ఒక సోలోలో తీగ తప్పి పలికిన చోటు రెండింట్లోనూ ఒకటే. పైగా ఎంపీత్రీ నుంచి చేసింది, శబ్దాన్ని గ్రాఫ్‌లో చూస్తే 16 కిలోహెర్ట్జ్ పైన, అంటే బాగా సన్నటి శబ్దాలుండాల్సిన చోట, ఖాళీ. అందుకే ఇవి అమ్మకూడదు, కొనకూడదు, చేతులు మారాలంతే.

జనంలోంచి తీసినవి ఇంకో లోకం. 90 నిమిషాల క్యాసెట్ కదా, 45 నిమిషాలకి సోలో మధ్యలో టక్‌మని ఆగుతుంది. చీకట్లో ఎవరో కంగారుగా క్యాసెట్ తిప్పుతుంటాడు, ఈలోగా రోరీ ఏం వాయించాడో ఎవరికీ తెలీదు. ప్రతిసారీ అక్కడ మనసు చివుక్కుమంటుంది. అదే కచేరీని ఇంకోడెవడైనా వేరే మూల నుంచి తీసుంటే ఆ ఖాళీ పూడుతుంది.

నువ్వు డబ్లిన్‌లోనే ఉన్నావ్ మామా. అక్కడి టెంపుల్ బార్ పేటలో గోడకి రోరీ గిటార్ కంచుది పెట్టారుగా, ఆ సందుల్లో పాత రికార్డుల షాపుల్లో అడుగు, మీ ఆఫీసులో అరవై దాటినవాళ్లని అడుగు. దొరికితే కాపీ చేయకు, కాపీకి కాపీకి టేప్‌లో బుస్సుమనే చప్పుడు పెరుగుతుంది. అసలు క్యాసెట్టే తీసుకుని రా. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌రేకి టేప్ చెరిగిపోదులే, టెన్షన్ పడకు. సంక్రాంతికల్లా డెక్ రెడీగా ఉంటుంది.