ఊడిపోయే కాలు

ఒరేయ్ ఫౌస్టస్,

ఫోన్లో చెప్దామంటే నువ్వు మధ్యలో నీ మోకాలి నొప్పి ఎత్తుకుంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఎక్కడ ఆపుతానో నాకే తెలీదు, కాఫీ కలుపుకుని కూర్చో.

మొన్న ఆదివారం ఇక్కడ కాలేజీ పిల్లలు మన నాటకం వేశారు. లండన్లో నాలుగొందల ఏళ్ళ నాటి మార్లో నాటకం ‘డాక్టర్ ఫౌస్టస్’ని మనదని ఎంత ధీమాగా అంటున్నానో చూశావా? ఎంఏలో ఒక్క సాయంత్రం ఆడినందుకే హక్కు వచ్చేసింది. ఆత్మని అమ్ముకునే పండితుడు ఫౌస్టస్ నువ్వు, ఆ బేరానికొచ్చే దెయ్యం మెఫిస్టోఫిలిస్ నేను, సగం మంది ప్రేక్షకులు హాస్టల్ వాళ్ళే.

ఈసారి నా వేషం ఒక అమ్మాయి వేసింది. నాకన్నా బాగా చేసిందిరా, ఒప్పుకుంటున్నాను. నేను ఎర్ర దుప్పటి కప్పుకుని గొంతు చించుకున్నాను. ఆ పిల్ల మామూలు తెల్ల చొక్కాలో, నిద్రలేని మనిషిలా, మెల్లగా మాట్లాడింది. అప్పుడు అర్థమైంది, నేనిన్నాళ్ళూ తప్పు వేషం మోశానని. ఈ నాటకంలో దెయ్యం ఎవర్నీ మోసం చెయ్యదు! గుర్తు తెచ్చుకో. ఫౌస్టస్ అడుగుతాడు, నరకంలో ఉండాల్సినవాడివి బయటికెలా వచ్చావని. రాలేదు, ఇదే నరకం, నేను అందులోనే ఉన్నాను అంటాడు. దేవుడి ముఖం చూసినవాణ్ణి, అది పోగొట్టుకున్న బాధ నీకేం తెలుసు, ఈ పనికిమాలిన కోరికలు మానెయ్యమని బతిమాలతాడు కూడా. స్థలం అమ్మేవాడే ఈ స్థలం మీద కేసులున్నాయి, కొనకు బాబూ అంటే ఎలా ఉంటుంది? దానికి మనవాడి జవాబు, ధైర్యం అంటే ఏమిటో నన్ను చూసి నేర్చుకో అని. దెయ్యానికి ధైర్యం చెప్పిన మొనగాడు!

సరే, సంతకం దగ్గరికి వద్దాం. రక్తంతో పత్రం రాస్తుంటే రక్తం గడ్డకట్టేస్తుంది, రాయనివ్వదు. మెఫిస్టోఫిలిస్ పరుగున పోయి నిప్పులు తెచ్చి కరిగిస్తాడు. చేతి మీద ‘మనిషీ, పారిపో’ అని లాటిన్ అక్షరాలు కనిపిస్తాయి. అయినా ఆగడు. ఇరవై నాలుగేళ్ళు అడిగిందల్లా ఇస్తే, ఆ తర్వాత ఒళ్ళూ ఆత్మా మీవే అని తనే రాసి, తనే పైకి చదివి వినిపిస్తాడు. మనలా చదవకుండా సంతకం పెట్టే రకం కాదు. ఆ రోజు నీ రక్తం గడ్డకట్టడం మాట అటుంచి, బీట్‌రూట్ రసం మోచేతిదాకా కారి మీ నాన్నగారి పట్టు లాల్చీ పాడైంది. ఆయన ఆ సంగతి పోయేదాకా అన్నారు కదా.

కానీ నాకు కోపం వచ్చింది తర్వాతే. పిల్లలు మధ్యలో హాస్యం మొత్తం కోసేశారు! గుర్రాల బేరగాడు లేడు, ద్రాక్షపళ్ళు లేవు, రోములో పోప్ చెంప మీద దెబ్బ లేదు. రక్తం, ట్రాయ్ అందగత్తె హెలెన్, ఆఖరి గంట, అంతే. వాళ్ళ మాస్టారితో వాదన పెట్టుకున్నాను. ఆ సీన్లు మార్లోవి కావండీ, ఎవరో అతికించినవి అన్నాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. 1593 మే 30న డెట్‌ఫర్డ్‌లో బిల్లు దగ్గర గొడవై, కంటి మీద కత్తిపోటుతో మార్లో పోయాడు. ఇరవై తొమ్మిదేళ్ళు, పాపం. ఆయన పోయాక 1602లో నాటకంలో కొత్తవి చేర్చినందుకు ఇద్దరికి నాలుగు పౌన్లు ఇచ్చినట్టు హెన్స్‌లో అనే నాటకశాల యజమాని లెక్కల పుస్తకంలో ఉంది. అచ్చులో కూడా 1604 ప్రతి ఒకలా, 1616 ప్రతి ఇంకోలా ఉంటాయి. ఎవడు రాస్తేనేం అన్నాను నేను.

ఎందుకంటే చూడు, సంతకానికి ముందు ఫౌస్టస్ కోరికలు ఎంతెంతవి! జర్మనీ చుట్టూ ఇత్తడి గోడ కట్టిస్తానన్నాడు, రైన్ నదిని తన ఊరు విట్టెన్‌బర్గ్ చుట్టూ తిప్పుతానన్నాడు, విద్యార్థులందరికీ పట్టుబట్టలన్నాడు. తీరా చేసిందేమిటి? కడుపుతో ఉన్న ఒక డచెస్‌కి జనవరిలో ద్రాక్షపళ్ళు తెప్పించాడు. మన ఇళ్ళలో వేవిళ్ళమ్మాయికి చింతకాయలు కోసుకొచ్చే కుర్రాడి పని! ఆ పళ్ళు ఎక్కణ్ణుంచట? ఇక్కడ చలికాలమైతే ఇండియా, షేబా లాంటి తూర్పు దేశాల్లో ఎండాకాలం, అక్కణ్ణుంచి తెప్పించానంటాడు. సంక్రాంతికి మనం భోగిమంట చుట్టూ వణుకుతుంటే మనకి ఎండాకాలమట! నరకంతో బేరం పెట్టుకున్నవాడికి భూగోళం రాదు.

అసలు ప్రాణం గుర్రం సీన్లో ఉంది. నలభై డాలర్లకి గుర్రం అమ్ముతూ, దీన్ని నీళ్ళలోకి మాత్రం దింపకు అని ఫౌస్టస్ ముందే చెప్తాడు. ఇందులో ఏదో మర్మం ఉందనుకుని బేరగాడు నేరుగా చెరువులోకి తోలతాడు. గుర్రం మాయం, కింద గడ్డిమోపు. లబోదిబోమంటూ వచ్చి, నిద్రపోతున్న ఫౌస్టస్‌ని లేపడానికి కాలు లాగితే కాలు ఊడి చేతికొస్తుంది. భయపడి ఇంకో నలభై ఇస్తానని పరుగు. జనం పడీపడీ నవ్వుతారు. కానీ వద్దని అమ్మినవాడే చెప్పినా నీళ్ళలోకి దిగింది ఒక్క బేరగాడేనా? ఆ మాట అనేసరికి మాస్టారు టీ తెప్పించాడు.

అన్నట్టు, ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో ఒకసారి ఈ నాటకం ఆడుతుంటే స్టేజీ మీద దెయ్యాల లెక్కలో ఒకటి ఎక్కువ తేలిందని, నటులు నాటకం ఆపి రాత్రంతా ప్రార్థనలో గడిపారని ఒక పాత కథ ఉంది. మనకేమో ఒకటి తక్కువైంది. నిన్ను ఈడ్చుకెళ్ళాల్సిన దెయ్యాల్లో ఒకడు మిరపకాయ బజ్జీలకి పోయాడు, నువ్వే నడిచి నరకానికి వెళ్ళావు.

ఆఖరి గంట మాత్రం పిల్లలు దడ పుట్టించారు. ఇరవై నాలుగేళ్ళ గడువు తీరేముందు, పదకొండు కొట్టింది మొదలు పన్నెండు దాకా ఫౌస్టస్ ఒక్కడే. రాత్రి గుర్రాల్లారా, మెల్లగా పరిగెత్తండి అంటాడే, అది రోమన్ కవి ఓవిడ్ రాసిన వాక్యం, ప్రియురాలి పక్కనుంచి లేవలేనివాడి మాట. నువ్వు దాన్ని బస్సు ఆపమన్నట్టు అరిచావు. ఈ కుర్రాడు గుసగుసగా అన్నాడు. నా పక్కన కూర్చున్న పెద్దాయన తన చేతి గడియారం చూసుకున్నాడు. నేనూ చూసుకున్నాను.

విషయానికొస్తాను. సంక్రాంతికి ఊరొస్తున్నావు కదా. వాళ్ళు కోసేసిన గుర్రం సీన్ ఒక్కటీ మా డాబా మీద మనిద్దరం వేద్దాం. బేరగాడిగా నేను, ఫౌస్టస్‌గా నువ్వే. గడ్డిమోపు నేను తెస్తాను. ఊడొచ్చే కాలికి మాత్రం నీ మోకాలే దిక్కు, ఎలాగూ పనిచెయ్యట్లేదన్నావుగా.

నీ
మెఫిస్టో