బతికి ఇంటికొచ్చిన మనిషి కోసం: వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

మాది శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దగ్గర ఒక పల్లె. కార్తీక మాసంలో ఒక తెల్లవారుజామున మా అమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా అయిపోయింది. 108కి ఫోన్ చేస్తే బండి వచ్చి తీసుకెళ్లింది. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి బతికించారు. ఆ డాక్టర్లకి, నర్సులకి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం. నేను రాస్తున్నది పదమూడో రోజు గురించి.

"డిశ్చార్జ్ రాశాం, బెడ్ ఖాళీ చేయండి" అన్నారు. చేతిలో ఇంగ్లిష్ కాగితాలు, ఒక కవరు నిండా మందులు, అమ్మకి యూరిన్ పైపు. ఆ పైపు ఎన్నాళ్లుంచాలో, పడుకోబెట్టి అన్నం పెట్టొచ్చో లేదో ఎవరూ చెప్పలేదు. ఆ టెన్షన్‌లో అడగాలని మాకూ తోచలేదు. వ్యాను మాట్లాడుకుని ఇంటికి తెచ్చుకున్నాం.

వీధిలో కుర్రాళ్లు నలుగురు దుప్పటి నాలుగు మూలలూ పట్టుకుని అమ్మని లోపలికి చేర్చారు. ఎదురింటి మావయ్య వడ్రంగి. వాళ్లింటి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, మధ్యలో గుండ్రంగా కోసి, అంచులు ఒంటికి గీసుకోకుండా పాత చీర పేలికలు చుట్టి ఇచ్చాడు, కింద బకెట్ పెట్టుకోవడానికి. పక్కింటి వదిన రోజూ జావ కాచి తెచ్చేది. ఇంతమంది చూసుకుంటున్నా తొమ్మిదో రోజున అమ్మ నడుం కింద రూపాయి బిళ్లంత ఎర్ర మచ్చ కనిపించింది. మర్నాటికి తోలు లేచిపోయింది. సెలవుకి ఊరొచ్చిన ఒక నర్సమ్మ చూసి, "రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతున్నారా?" అని అడిగింది. కదిపితే నొప్పి పుడుతుందని మేము కదపలేదండీ. ప్రేమతోనే చేశాం ఆ తప్పు.

అమ్మ ఇంటికొచ్చిన సంగతి మా ఊరి ఆశా వర్కర్ అక్కకి రేషన్ షాపు దగ్గర తెలిసిందట. ఆమెని తప్పుపట్టను. ఆమెకి ఎవరైనా చెబితే కదా!

మంత్రిగారూ, ఇది చేతకాని పని కాదు. ఆసుపత్రిలో కాన్పయితే తల్లినీ బిడ్డనూ తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఇంటి దగ్గర దింపుతుంది. ఆ తరువాత ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి బిడ్డని చూడాలని లెక్క ఉంది. ప్రభుత్వాసుపత్రిలో ప్రాణం పోతే ఇంటికి చేర్చడానికి మహాప్రస్థానం బండి ఉంది. మంచం పట్టి బతికొచ్చిన మనిషికి అలాంటి బండీ లేదు, అలాంటి లెక్కా లేదు. నేను అడిగేది అదే. పక్షవాతం, తుంటి ఎముక, పెద్ద ఆపరేషన్ కేసుల్లో డిశ్చార్జ్‌కి ముందు రోజే ఊరి ఏఎన్ఎంకీ ఆశాకీ కబురు వెళ్లాలి. మొదటి మూడు రోజుల్లోపు ఒకసారి, ఆ తరువాత వారం వారం ఎవరో ఒకరు ఇంటికి రావాలి. కాగితాలు తెలుగులో ఉండాలి. ఈ పని ఆశాలకి అప్పగిస్తే దానికి వేరుగా డబ్బివ్వాలి, వాళ్ల మీద ఇప్పటికే చాలా భారం ఉంది.

తమిళనాడులో 2021 ఆగస్టు నుంచి 'మక్కళై తేడి మరుత్తువం' (ప్రజల దగ్గరికే వైద్యం) అనే పథకం కింద బీపీ, షుగర్ మందులతో పాటు ఫిజియోథెరపీ కూడా ఇంటికే వస్తోంది. కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్, అంటే పెద్ద జబ్బు చేసినవాళ్లకి బాధ తగ్గించి చూసుకునే సేవ, దానికో విధానం తెచ్చింది. అక్కడ పంచాయతీ తరఫున నర్సు మంచం పట్టినవాళ్ల ఇళ్లకి వెళ్తుంది, ఊరి వలంటీర్లు తోడు ఉంటారు. మన దగ్గర ఊరూరా డ్వాక్రా సంఘాలున్నాయి. ఒక్కో ఊరిలో ఇద్దరికి పక్కకి తిప్పడం, పైపు శుభ్రం చెయ్యడం నేర్పి, జీతమిచ్చి పెట్టుకుంటే చాలు. విలేజ్ క్లినిక్‌లో ఒక వాకరు, ఒక ఎయిర్ బెడ్డు, ఒక కమోడ్ కుర్చీ ఉంచితే అవసరమైన ఇల్లు వాడుకుని తిరిగిస్తుంది.

మన రాష్ట్రంలోనే 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా కింద ఆపరేషన్ అయినవాళ్లకి విశ్రాంతి రోజులకు రోజుకి 225 రూపాయలు, నెలకి 5,000 మించకుండా ఇవ్వడం మొదలైంది. కూలి పోయిన ఇంటికి ఆ డబ్బు ఎంత అవసరమో నాకు తెలుసు. కానీ మనిషిని ఎలా తిప్పాలో డబ్బు చెప్పదు కదా.

అమ్మ ఇప్పుడు ఎడం చేత్తో అన్నం తింటోంది. పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. మావయ్య చేసిన కుర్చీ మా వీధి చివరింటికి వెళ్లింది. వాళ్ల నాన్నకి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేసి, పోయిన బుధవారం ఇంటికి పంపారు. ఆశా అక్కకి మేమే ఫోన్ చేసి చెప్పాం.

ఇట్లు,
టెక్కలి ప్రాంతం నుంచి ఒక కూతురు