ఒడిశాలోని గజపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారూ,

మా అటక మీద ముత్తాతగారి వైద్యపు తాళపత్రాల కట్ట ఉంది. లిపి తెలుగు. దగ్గుకు అడ్డసరం ఆకు రసం అని రాసినచోట, సరిగ్గా మోతాదు దగ్గరే పురుగు కొట్టిన కన్నం! ఆ అడ్డసరంలోని వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే ఇప్పటి బ్రోమ్‌హెక్సిన్ దగ్గుమందు వచ్చింది. అలాగని అన్నీ నెత్తిన పెట్టుకోమనను; పాదరసం గుళికలూ ఉన్నాయి, వాటి జోలికి ఎవరూ పోకూడదు. 1796లో ఇంగ్లండ్ డాక్టర్ జెన్నర్ వేసిన టీకాకు ముందే ఒడిశా, బెంగాల్ పల్లెల్లో మశూచి రాకుండా ఆ పొక్కుల రసినే చర్మంలో గుచ్చేవారు. చాలామంది గట్టెక్కారు, కొందరు దానితోనే పోయారు.

కట్టను ఒక ఆఫీసుకు పట్టుకెళ్తే, "ఇది ఒడియా కాదు కదా" అని తిప్పి పంపారు. పర్లాకిమిడిలో తెలుగు ఇళ్లకు కొదవా? తెలుగు చదవగలిగేవారితో ఒక్కరోజు స్కానింగ్ క్యాంపు పెట్టించండి. వానలు పడకముందే అయితే మేలు, మా అటక కారుతుంది.

ఇట్లు,
పర్లాకిమిడి వాసి