అధికారం ఇచ్చింది కాంగ్రెసే

సంపాదకులకు నమస్కారం.

2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ అమెరికా అధ్యక్షుడు ప్రకటన జారీ చేసినప్పుడు మన పత్రికలు ఎక్కువగా ఒక్క మనిషి గురించే రాశాయి. ఆయన పట్టుదల ఏమిటి, రేపు ఇంకేం చేస్తారు అన్నదే చర్చ. పిల్లల్ని డాలస్‌కో న్యూజెర్సీకో పంపిన తల్లిదండ్రులు ఆందోళనపడుతున్న ఆ వేళ అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. చట్టసభలో ఒక్క ఓటు కూడా పడకుండా ఇంత పెద్ద మార్పు ఎలా సాధ్యమైంది?

ఆ ప్రకటనకు ఆధారంగా చూపింది 1952 నాటి వలస చట్టాన్ని. విదేశీయుల రాక దేశ ప్రయోజనాలకు హానికరమని భావిస్తే అడ్డుకునే అధికారాన్ని అమెరికా చట్టసభ అయిన కాంగ్రెసే అందులో అధ్యక్షుడికి రాసిచ్చింది. యుద్ధాల సంగతీ అంతే. యుద్ధం ప్రకటించే అధికారం రాజ్యాంగం ప్రకారం కాంగ్రెస్‌ది. కానీ ఆ సభ చివరిసారి యుద్ధం ప్రకటించింది 1942లో. వియత్నాం యుద్ధానికి దారి తీసిన 1964 టోంకిన్ తీర్మానాన్ని కాంగ్రెస్‌లోని రెండు సభలూ, అంటే ప్రతినిధుల సభ 416-0తో, సెనేట్ 88-2తో ఆమోదించి బాధ్యతను అధ్యక్షుడి మీద పెట్టేసింది. అధ్యక్షులు లాక్కున్న అధికారం కన్నా కాంగ్రెస్ ఇచ్చినదే ఎక్కువని నా గట్టి నమ్మకం.

ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకునే దారి మూసుకుపోవడం అసలు విషాదం. 1976 జాతీయ అత్యవసర పరిస్థితుల చట్టం ప్రకారం ఉభయ సభలు తీర్మానిస్తే చాలు, అధ్యక్షుడికి ప్రత్యేక అధికారాలిచ్చే అత్యవసర పరిస్థితి ఆయన సంతకం లేకుండానే ముగిసేది. అలాంటి ఏర్పాట్లను దెబ్బతీసిన కేసు ఒక భారత సంతతి వ్యక్తిది. కెన్యాలో పుట్టిన జగదీశ్ రాయ్ చద్దా విద్యార్థి వీసాపై అమెరికా వెళ్లారు. గడువు తీరాక ఆయన్ను దేశం నుంచి పంపేయకుండా వలస న్యాయాధికారి ఊరటనిస్తే, 1975లో ప్రతినిధుల సభ ఒక్కటే తీర్మానం చేసి ఆ ఊరటను రద్దు చేసింది. 1983లో సుప్రీంకోర్టు 7-2తో చద్దా పక్షాన నిలిచింది. సభల నిర్ణయానికి చట్టబలం రావాలంటే అది అధ్యక్షుడి ముందుకు వెళ్లి తీరాలని చెప్పింది. ఆయనకు న్యాయం జరగడం సంతోషమే. కానీ సుమారు 200 చట్ట నిబంధనలు ఈ తీర్పుతో చెల్లకుండా పోతాయని జస్టిస్ వైట్ తన అసమ్మతి తీర్పులో హెచ్చరించారు. రెండేళ్లకు కాంగ్రెస్ అత్యవసర చట్టాన్ని సవరించక తప్పలేదు. అప్పటి నుంచి రద్దు తీర్మానాన్ని కూడా అధ్యక్షుడు వీటో చేయవచ్చు, అంటే తిరస్కరించవచ్చు.

దాని ఫలితం 2019లో కనిపించింది. సరిహద్దు గోడ కోసం ట్రంప్ ప్రకటించిన అత్యవసర పరిస్థితిని రద్దు చేయాలని ప్రతినిధుల సభ 245-182తో, సెనేట్ 59-41తో తీర్మానించాయి. ఆయన వీటో చేశారు. వీటోను తోసిపుచ్చడానికి కావలసిన మూడింట రెండు వంతుల బలం రాలేదు. రెండు సభల మెజారిటీ ఒకవైపు, ఒక్కడి సంతకం మరోవైపు ఉంటే సంతకమే గెలిచింది. ఇది ఒక పార్టీ జబ్బు కూడా కాదు. 2011లో లిబియాపై సైనిక చర్య, కాంగ్రెస్ ఆమోదం లేని పోరాటాలకు యుద్ధాధికారాల చట్టం పెట్టిన 60 రోజుల గడువు దాటినా, అవి ఆ చట్టం చెప్పే స్థాయి పోరాటాలు కావని ఒబామా ప్రభుత్వం వాదించింది. 1979లో ఇరాన్ బందీల సంక్షోభ సమయంలో కార్టర్ ప్రకటించిన అత్యవసర పరిస్థితిని ఇరు పార్టీల అధ్యక్షులూ ఏటా పొడిగిస్తూనే వచ్చారు.

మన దేశం ఈ పాఠం చేదుగా నేర్చుకుంది. 1978 నాటి 44వ సవరణ తర్వాత, ఉభయ సభలు ప్రత్యేక మెజారిటీతో నెలలోగా ఆమోదించకపోతే అత్యవసర పరిస్థితి దానంతటదే రద్దవుతుంది. కొనసాగాలంటే ఓటు కావాలి. అమెరికాలో ఆపాలంటే ఓటు కావాలి, అదీ మూడింట రెండు వంతులు. ఉటా సెనేటర్ మైక్ లీ 2019లో తెచ్చిన బిల్లు సరిగ్గా దీన్నే తిరగేయాలంది. 30 రోజుల్లో కాంగ్రెస్ ఆమోదం లేకపోతే అత్యవసర పరిస్థితి ముగియాలన్నది. అది చట్టం కాలేదు.

2026 నవంబరులో ప్రతినిధుల సభలోని 435 స్థానాలకూ ఎన్నికలున్నాయి. అక్కడ పౌరసత్వం పొందిన మనవాళ్లు అభ్యర్థులను వీసాల గురించి ఎలాగూ అడుగుతారు. ఈ అత్యవసర చట్టాన్ని సవరించడానికి ఓటు వేస్తారా అని కూడా అడగాలి. వచ్చిన జవాబులను మీ పత్రిక ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు,
గుంటూరు